నర్సు ఉద్యోగంలో గే, లెస్బియన్ అని చెప్పాలా వద్దా: నెల్లూరు, ప్రకాశం వైపు వాళ్లకు నా సలహా

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు, మార్కాపురం ఆసుపత్రుల్లో పనిచేసే గే, లెస్బియన్ నర్సుల కోసం ఇది రాస్తున్నాను. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసినా, బీఎస్సీ నర్సింగ్ చేసినా, ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకే ఒక ప్రశ్న పట్టుకుంటుంది. ఈ సంగతి డ్యూటీలో ఎవరికైనా చెప్పాలా, అసలు చెప్పకూడదా, చెబితే ఎంతవరకు? నేను మేల్ నర్సుని, గేని. ప్రైవేటులో చేశాను, ప్రభుత్వాసుపత్రిలో కాంట్రాక్టు మీదా చేశాను. నా మాట ముందే చెప్పేస్తాను. మన జిల్లాల్లో చాలామందికి నప్పేది మధ్య దారి, అంటే ఒకరికో ఇద్దరికో చెప్పి, మిగతావాళ్ల దగ్గర అబద్ధాలు ఆడకుండా ఊరుకోవడం. అందరికీ అదే సరిపోతుందని అనను. కొందరు ప్రస్తుతానికి పూర్తిగా దాచుకోవాల్సిందే, కొందరు అందరికీ చెప్పుకోవచ్చు. మీకు ఏది నప్పుతుందో తేల్చేది ధైర్యం కన్నా ఎక్కువగా మీ పరిస్థితి: ఎక్కడ పనిచేస్తున్నారు, రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు, మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి బీరువాలో ఉన్నాయి.

వేరే ఉద్యోగాల వాళ్లు రాసే సలహాలు మనకు సగమే పనికొస్తాయి. కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి రోజంతా ఎవరూ పెళ్లయిందా అని అడగరు. మనకు అలా కాదు, ఐవీ లైన్ పెడుతుండగానే పేషెంటు తాలూకు పెద్దావిడ "మీదే ఊరు నాయనా, ఇంకా సంబంధాలు చూడలా?" అని మొదలుపెట్టి, ఇంటిపేరు అడిగి, తనకు తెలిసిన పిల్లల దాకా వెళ్తుంది. ప్రేమతోనే అడుగుతుంది, అందుకే కసురుకోలేం. పైగా ఊళ్లు చిన్నవి. సింగరాయకొండ నుంచో ఉలవపాడు నుంచో వచ్చిన పేషెంటు తాలూకు మనిషి మీ మేనమామకి తెలిసినవాడే అయ్యుంటాడు, మీ డ్యూటీ అయ్యేలోపు కబురు ఇంటికి చేరుతుంది. ఇక మనం చేసేది ఒంటిని తాకే పని. బెడ్ బాత్, కాథెటర్, ఎనీమా, డ్రెస్సింగ్. మేల్ నర్సు గే అని తెలిసిన తర్వాత మగ పేషెంటుకి కాథెటర్ వేస్తే ఏమనుకుంటారో అన్న భయం నాకూ ఉండేది. ఆడవాళ్లకైతే హాస్టలు, డ్రెస్సింగ్ రూము, లేబర్ రూము, నైట్ డ్యూటీలో ఇద్దరు ఒకే బల్ల మీద నడుం వాల్చడం, ఇవన్నీ మాటలు పుట్టే చోట్లు.

చట్టం సంగతి తెలియకుండా పోల్చి చూడలేం కాబట్టి అది కాస్త చెబుతాను. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, పెద్దవాళ్లయిన ఇద్దరు ఇష్టంతో కలిసి ఉంటే పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 377 సెక్షన్ కింద నేరం కాదని తేల్చేసింది. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. అంటే "నీ మీద కేసు పెట్టిస్తా" అని ఎవరైనా బెదిరిస్తే అది ఒట్టి బెదిరింపే, దాన్ని చూపించి డబ్బు గుంజితే అదే సంహితలోని 308 సెక్షన్ కింద నేరం వాళ్లదే అవుతుంది. ఇంతవరకు బాగుంది. కానీ ప్రైవేటు ఆసుపత్రి మిమ్మల్ని గే అనో లెస్బియన్ అనో తీసేయకూడదని నేరుగా చెప్పే చట్టం మనకు లేదు. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ చట్టం ఉద్యోగంలో వివక్ష చూపకూడదని చెబుతుంది గానీ అది ట్రాన్స్ వ్యక్తుల కోసం చేసింది. ప్రభుత్వోద్యోగం దగ్గరే తేడా వస్తుంది. రాజ్యాంగంలోని 14, 15, 16 అధికరణలు ప్రభుత్వాన్ని కట్టిపడేస్తాయి, అన్యాయం జరిగితే హైకోర్టులో రిట్ పిటిషన్ వేయొచ్చు. ఉత్తరప్రదేశ్‌లో ఒక హోంగార్డుని ఇదే కారణంతో తీసేస్తే 2021లో అలహాబాద్ హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఈ ఒక్క తేడా గుర్తు పెట్టుకోండి, కింద చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఎవరికీ చెప్పకుండా ఉండటం

దీన్ని పిరికితనం అనేవాళ్ల మాట పట్టించుకోవద్దు. ఆసుపత్రి హాస్టల్లో ఉంటూ, జీతంలో సగం ఇంటికి పంపుతూ, సర్టిఫికెట్లు మేనేజ్‌మెంట్ దగ్గర ఉన్న అమ్మాయి నన్ను అడిగితే ఇప్పుడే ఎవరికీ చెప్పొద్దనే అంటాను. ఉద్యోగం, నివాసం, సర్టిఫికెట్లు మూడూ ఒకే చేతిలో ఉన్నప్పుడు ఆ చేయి విదిలిస్తే మూడూ ఒకేసారి పోతాయి. నెల్లూరులో నాకు తెలిసిన ఒక సిస్టర్ విషయంలో అదే జరిగింది. రూమ్మేట్ ఒకావిడ వార్డెన్‌కి చెప్పింది, వార్డెన్ ఆఫీసుకి చెప్పింది, ఆఫీసు వాళ్లు ఆమెతో ఒక్క మాటైనా మాట్లాడకుండా వాళ్ల నాన్నకి ఫోన్ చేశారు. ఆయన మర్నాడు పొద్దునే వచ్చి తీసుకెళ్లిపోయాడు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కోసం ఆమె నెలల తరబడి తిరిగింది.

దాచుకోవడానికీ ఖర్చు ఉంది, ఆ ఖర్చు అబద్ధాల వల్ల పెరుగుతుంది. లేని మరదలిని, దుబాయ్‌లో ఉన్న కాబోయే మొగుణ్ణి సృష్టించొద్దు. మొదట్లో పని జరుగుతుంది, తర్వాత ఫోటో చూపించమంటారు, ముహూర్తం ఎప్పుడంటారు, ఎప్పుడో ఒకరోజు మీరే మర్చిపోయి వేరే పేరు చెబుతారు. దానికన్నా ఒకటే మాట ఖాయం చేసుకుని ఎవరడిగినా అదే చెప్పండి. "పెళ్లి సంగతి ఇంట్లో మాట్లాడుకుంటున్నాం అమ్మా" అనేది నా మాట. అబద్ధం లేదు, మర్యాద పోలేదు, సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. ఇంకో సంగతి, ఫోన్. నైట్ డ్యూటీలో అందరి ఫోన్లూ నర్సింగ్ స్టేషన్లో ఒకే ప్లగ్గు దగ్గర ఛార్జింగ్‌లో ఉంటాయి, లాక్ ఉన్నా స్క్రీన్ మీద మెసేజ్ వెలుగుతుంది. నోటిఫికేషన్లో మెసేజ్ కనపడకుండా సెట్టింగ్ మార్చుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, చెప్పకుండానే బయటపడిపోయినవాళ్ల కథల్లో ఎక్కువసార్లు విన్నది ఇదే.

ఒకరికో ఇద్దరికో చెప్పడం

నేను ఎంచుకున్నది ఇది, చాలామందికి చెప్పేదీ ఇదే. అసలు కష్టం ఎవరికి చెప్పాలన్న దగ్గర వస్తుంది. మామూలుగా అందరూ పక్క మంచం స్నేహితురాలికో, బ్యాచ్‌మేట్‌కో ముందు చెబుతారు. మనసుకి అదే తేలిక. కానీ బ్యాచ్‌మేట్‌కి రోస్టర్ మీద అధికారం లేదు, రేపు మీ గురించి గుసగుసలు మొదలైతే ఆపే శక్తి లేదు, గొడవ పడ్డ రోజు నోరు జారే అవకాశం మాత్రం ఉంది. అందుకే ఇద్దరిలో ఒకరు మీ ఇన్‌చార్జ్ సిస్టరో, డిప్యూటీ నర్సింగ్ సూపరింటెండెంటో అయ్యుండటం మంచిదని నా అభిప్రాయం. న్యాయంగా డ్యూటీలు వేసే మనిషి, నలుగురిలో మీ తరఫున ఒక మాట అనగలిగే మనిషి.

ఆ మనిషి ఎలాంటిదో ముందే తెలుసుకోవడానికి మన పనిలోనే ఒక మంచి పరీక్ష ఉంది. వార్డులో హెచ్ఐవీ పాజిటివ్ పేషెంటు ఉన్నప్పుడు ఆమె హ్యాండోవర్, అంటే తర్వాతి షిఫ్ట్‌కి పేషెంట్ల అప్పగింత, ఎలా ఇస్తుందో గమనించండి. పక్క బెడ్లకి వినపడేలా అంటుందా, కేస్ షీట్ మీద పెద్ద ఎర్ర అక్షరాలతో రాస్తుందా, లేక మెల్లగా వచ్చే షిఫ్ట్ సిస్టర్‌కి మాత్రమే చెబుతుందా? 2017 నాటి హెచ్ఐవీ చట్టం ప్రకారం ఆ సంగతి బయటపెట్టకూడదు, అయినా పాటించనివాళ్లు కనిపిస్తూనే ఉంటారు. పేషెంటు రహస్యం కాపాడే మనిషి మీది కూడా కాపాడుతుంది. అలాగే క్యాజువాలిటీకి ఒక హిజ్రా దెబ్బలతో వస్తే ఏ వార్డులో వేయాలని ఆమె అడిగి తెలుసుకుంటుందా, మొహం తిప్పుకుని వార్డ్ బాయ్‌తో నవ్వుతుందా? ఈ రెండూ చూశాక మీకు ఇంకేమీ అడగాల్సిన పని ఉండదు. ఒంగోలులో మా ఇన్‌చార్జ్‌కి నేను ధైర్యంగా చెప్పగలిగింది ఆమె ఈ రెండు పరీక్షలూ నిలిచిందనే. బాగా చదువుకున్నవాళ్లు, ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు, కుర్రవాళ్లు అర్థం చేసుకుంటారని అనుకోవద్దు. నన్ను బాగా అర్థం చేసుకున్న ఆవిడకి రిటైర్‌మెంట్ దగ్గరపడింది, రోజూ ఉపవాసాలు, చర్చి ప్రార్థనలతో గడిపే మనిషి.

చెప్పేటప్పుడు డ్యూటీ మధ్యలో వద్దు, హ్యాండోవర్ హడావిడిలో అసలే వద్దు. వాట్సాప్‌లో రాయొద్దు, రాసింది ఫార్వర్డ్ అవుతుంది. నోటితో చెప్పండి, ఎందుకు చెబుతున్నారో కూడా చెప్పండి. "సిస్టర్, మీకు చెబుతున్నా, ఇంకెవరికీ చెప్పలేదు, మీ దగ్గరే ఉంచండి" అనే ముక్క వదలొద్దు. వినేవాళ్లకు ఇది రహస్యమని తోచకపోవచ్చు, మంచి మనసుతోనే ఇంకొకరికి చెప్పేస్తారు.

అందరికీ తెలిసేలా ఉండటం

ఇలా ఉండేవాళ్లకు వచ్చే ప్రశాంతత నేను చూశాను. సంబంధాల గోల ఉండదు. పార్ట్‌నర్‌కి జ్వరమొస్తే "ఫ్రెండ్‌కి బాలేదు" అని నసగకుండా లీవ్ అడగొచ్చు. ఎమర్జెన్సీ కాంటాక్ట్ అన్నచోట తన పేరే రాయొచ్చు. ఇంకొకటి, నేను దీన్ని చాలా పెద్దదిగా చూస్తాను. విషం తాగి ఐసీయూకి వచ్చే పిల్లల్లో కొందరు ఇంట్లో పెళ్లి బలవంతం తట్టుకోలేక వచ్చిన మనలాంటివాళ్లే, వాళ్లు డాక్టరుకి చెప్పరు, తల్లిదండ్రులకి చెప్పరు, ధైర్యం చేస్తే ఆ బెడ్ పక్కన నిలబడ్డ నర్సుకి చెబుతారు.

మగవాళ్లకు నేను చెప్పే జాగ్రత్త ఏమిటంటే, అందరికీ తెలిశాక ఒక్క తప్పుడు ఫిర్యాదు చాలు. అందుకని కర్టెన్ వేయడం, ఏం చేయబోతున్నారో ముందు చెప్పి సరే అనిపించుకోవడం, కాథెటర్ లాంటి ప్రొసీజర్ అప్పుడు ఇంకో స్టాఫ్‌ని పక్కన ఉంచుకోవడం, టైముతో సహా నర్సింగ్ నోట్స్‌లో రాయడం. ఇవి ప్రతి నర్సూ చేయాల్సినవే, మామూలు రోజుల్లో ఎవరూ చేయరు, మీరు మాత్రం ఒక్కసారి కూడా వదలొద్దు. ఎవరైనా "వీణ్ణి మగ వార్డులో వేయొద్దు" అంటే, మగ నర్సులు ఆడ పేషెంట్లకి, ఆడ నర్సులు మగ పేషెంట్లకి రోజూ చేస్తూనే ఉన్నారు కదా అని నెమ్మదిగా అడగండి. దానికి నిలబడి జవాబు చెప్పినవాళ్లు నాకు కనపడలేదు.

ఆడవాళ్లకు ఒకటే షరతు. ముందు హాస్టల్ ఖాళీ చేయండి. నెల్లూరులో దర్గామిట్ట, మాగుంట లేఅవుట్ వైపో, ఒంగోలులో లాయర్‌పేట వైపో ఒక చిన్న వాటా అద్దెకు తీసుకుని, ఆ తర్వాత చెప్పుకోండి. ఇద్దరు సిస్టర్లు కలిసి అద్దెకుంటే మన ఊళ్లలో ఎవరూ అనుమానంగా చూడరు, అదే ఇద్దరు మగవాళ్లయితే ఇంటి ఓనరు పెళ్లి కాలేదని ఇల్లే ఇవ్వడు. ఈ విషయంలో మాత్రం ఆడవాళ్లకే కాస్త వెసులుబాటు.

ఎక్కడ పనిచేస్తే మేలు

చిన్న నర్సింగ్ హోమ్‌లో అంతా డాక్టరుగారి మీద, డాక్టరుగారి భార్య మీద ఆధారపడి ఉంటుంది. వాళ్లు మంచివాళ్లైతే ఇంట్లో పిల్లల్లా చూస్తారు, కాకపోతే ఆ రోజే పంపేస్తారు, అడిగే దిక్కు ఉండదు. పొగతోటలో రెండు రకాలూ చూశాను. పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లో హెచ్‌ఆర్ ఉంటుంది, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు, పదిమంది కన్నా తక్కువ లేని చోట లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీ చట్టప్రకారం ఉండాల్సిందే. లెస్బియన్ అని తెలిశాక అసభ్యమైన మాటలంటే అవి ఆ చట్టం కిందికే వస్తాయి, మూడు నెలల లోపు రాసి ఇవ్వాలి. అన్నది ఆడమనిషైనా ఫిర్యాదు చెల్లుతుందని 2020లో కలకత్తా హైకోర్టు చెప్పింది. పదిమంది కన్నా తక్కువున్న నర్సింగ్ హోమ్ అయితే జిల్లా స్థాయి కమిటీకి ఇవ్వాలి. ఆ చట్టం కింద మగవాళ్లు ఫిర్యాదు చేయలేరు, నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది.

ప్రభుత్వంలో రెగ్యులర్ పోస్టు వస్తే అంతకన్నా భద్రమైన చోటు మన దగ్గర లేదు. విచారణ లేకుండా తీసేయడానికి 311 అధికరణ ఒప్పుకోదు. గుసగుసలుంటాయి, దూరపు పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) వేయించే ప్రయత్నాలుంటాయి, కానీ జీతం ఆగదు. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సంగతి వేరు, ప్రభుత్వాసుపత్రి అన్న పేరు చూసి మోసపోవద్దు. రెన్యువల్ చేయకపోతే కారణం కూడా చెప్పరు. కాంట్రాక్టులో ఉన్నన్నాళ్లూ నేను ఇద్దరితోనే ఆగిపోయాను, ఇప్పటికీ అదే సరైన లెక్క అనుకుంటున్నాను.

చెన్నై, హైదరాబాద్, బెంగళూరు వెళ్తే ఊపిరాడుతుంది, అది నిజం. నెల్లూరు నుంచి చెన్నై పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం లోపు చేరతాం, అక్కడ మనలాంటివాళ్ల కోసం 1998 నుంచి పనిచేస్తున్న సహోదరన్ లాంటి సంస్థలున్నాయి. అయితే అక్కడి అద్దెలు చూసుకుని వెళ్లండి, ఆసుపత్రి హాస్టల్లోనే దిగితే ఊరు మారినా పరిస్థితి మారదు.

విదేశాల దగ్గర మనవాళ్లు డబ్బు ఒక్కటే చూస్తారు. సౌదీ, ఖతార్, కువైట్, ఒమన్, యూఏఈ వెళ్లేవాళ్లకు గట్టిగా చెబుతున్నాను, అక్కడ ఇది నేరం. ప్రోమెట్రిక్ (గల్ఫ్ నర్సు లైసెన్సు పరీక్ష) రాసి, డేటాఫ్లో (సర్టిఫికెట్ల తనిఖీ) పూర్తయి, మంచి జీతంతో వెళ్లినా ఒక్క మనిషికి కూడా చెప్పకుండా ఉండగలిగితేనే వెళ్లాలి, ఫోన్లో డేటింగ్ యాప్‌లు, ఫోటోలు తీసేసి మరీ వెళ్లాలి. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం ఈ కారణంతో ఉద్యోగంలో వివక్షను నిషేధించింది. ఐర్లాండ్ 2015లో ప్రజాభిప్రాయ సేకరణతో, జర్మనీ 2017 అక్టోబర్ నుంచి స్వలింగ పెళ్లిళ్లను ఒప్పుకున్నాయి. జర్మనీకి వెళ్లాలంటే బీ2 స్థాయి (బాగా మాట్లాడగలిగేంత) జర్మన్ భాష నేర్చుకోవాలి, అందుకు ఏడాది పైనే పడుతుంది, గల్ఫ్ అయితే అంతకన్నా త్వరగా వెళ్లిపోవచ్చు. నన్నడిగితే ఆ ఏడాది ఓపిక పట్టడమే మేలు. అప్పుల్లో ఉన్నవాళ్లకు ఈ మాట చెప్పడం తేలిక, చేయడం కష్టం, అది నాకూ తెలుసు. వాళ్లు గల్ఫ్ వెళ్తే తప్పుపట్టను.

ఏ దారి పట్టినా ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మీ చేతికి తెచ్చుకోండి, లోన్ కోసమనో పాస్‌పోర్ట్ కోసమనో అడిగితే ఇస్తారు. ఇప్పటిదాకా చేసినదానికి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ రాయించుకోండి. రెండు మూడు నెలల జీతం ఇంట్లోవాళ్లకి తెలియని అకౌంట్లో ఉంచండి. ఇంట్లోవాళ్లు "ట్రీట్‌మెంట్" అని ఎక్కడికైనా తీసుకెళ్తే, నర్సులమైన మనమే వాళ్లకి చెప్పగలం, ఇది జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జాబితాలోంచి తీసేసింది, మారుస్తానని వైద్యం చేసే డాక్టరుది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. బలవంతంగా నిర్బంధిస్తే 112కి ఫోన్ చేయండి, న్యాయ సహాయం కోసం 15100 ఉంది, ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా లాయరుని ఉచితంగా ఇస్తారు. 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే ఇద్దరు అమ్మాయిలు కలిసి బతకొచ్చని, తల్లిదండ్రులు అడ్డు రాకూడదని తీర్పిచ్చింది, ఆ సంగతి లాయరుకి చెప్పండి. మనసు బాగా కుంగినప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

పెళ్లి గురించి ఒక్క మాట అనకుండా ఉండలేను. వార్డులో నోళ్లు మూయించడానికి, ఇంట్లో టెన్షన్ తగ్గించడానికి పెళ్లి చేసుకోవద్దు. పైన చెప్పిన దారుల్లో ఏది తప్పుగా ఎంచుకున్నా ఉద్యోగం మారి సరిదిద్దుకోవచ్చు. దీన్ని అలా సరిదిద్దుకోలేం, ఏమీ తెలియని ఇంకో మనిషి జీవితం అందులో ఇరుక్కుంటుంది. పార్ట్‌నర్‌తో స్థిరపడినవాళ్లకు చట్టపరంగా పెళ్లి హక్కు లేదు, 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఇవ్వలేమంది. కానీ ఇద్దరూ కలిసి బ్యాంకులో జాయింట్ అకౌంట్ తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ ఏ అడ్డూ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. బ్రాంచిలో కాదంటే ఆ ప్రకటన ప్రింటు తీసుకుని మేనేజరు బల్ల మీద పెట్టండి. అది చేసుకోవడానికి డ్యూటీలో ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని కూడా లేదు.